వాల్వ్‌కి కట్టిన ఎర్ర గుడ్డ

2022 అక్టోబరు. కెనడాలోని ఒషావా ఊరి చివర, పాత ఇటుకల షెడ్డులో ఒక చిన్న ఆవిరి యంత్రాల మ్యూజియం. అక్కడి బాయిలర్ రూముకి నేను చీఫ్‌ని. అంతకుముందు ముప్ఫై ఏళ్ళు ఒక ఆసుపత్రి బాయిలర్ రూములో ఆపరేటింగ్ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. ఆపరేటింగ్ ఇంజనీరు అంటే బాయిలర్‌లో నీళ్ళెంత ఉన్నాయి, ప్రెషర్ ఎంత ఉంది, మంట ఎలా ఉంది అని కనిపెట్టుకుని కూర్చునే మనిషి. పని సవ్యంగా జరిగినంత కాలం అలాంటివాడొకడు ఉన్నాడని ఎవరికీ గుర్తుండదు. ఇంట్లో కూర్చోవడం చేతకాక వారానికి మూడు రోజులు ఈ మ్యూజియం పని ఒప్పుకున్నాను.

అక్కడ నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఒక నమూనా ఇంజను. 1804లో వేల్స్‌లోని ఒక ఇనుప కర్మాగారం దగ్గర పట్టాల మీద బరువు లాగిన తొలి ఆవిరి రైలు ఇంజనుకి అసలు కొలతల్లో చేసిన నకలు. చూస్తే రైలు ఇంజను అనిపించదు. పడుకోబెట్టిన పెద్ద ఇనుప పీపా, దాని పొట్టలో ఒకే ఒక్క సిలిండరు, ఒక పక్క మనిషి కంటే ఎత్తయిన ఫ్లైవీల్ అనే బరువు చక్రం, రెండో పక్క గడియారం విప్పినట్టు పళ్ళ చక్రాలు. డ్రైవరు కూర్చోడానికి చోటు లేదు, పక్కన నడుస్తూ తోలాలి. అసలు ఇంజను బరువుకి ఆ కాలపు పోత ఇనుప పట్టాలు విరిగిపోయాయి. మా నేల విరగకూడదని దీన్ని రోలర్ల మీద నిలబెట్టాం. చక్రాలు తిరుగుతాయి, బండి కదలదు. ఆవిరి మాత్రం నిజమైనదే. గోడకి అవతలున్న నా బాయిలర్ రూము నుంచి గొట్టంలో వస్తుంది. ఆ నమూనా తయారీలో నాలుగేళ్ళు నేనూ చేతులు మసి చేసుకున్నాను.

అసలుదాన్ని కనిపెట్టినవాడు కార్న్‌వాల్ గనుల మధ్య పెరిగిన ఇంజనీరు. ఆరడుగుల పైన మనిషి, కుస్తీలు పట్టేవాడు, బళ్ళో లెక్కలు తప్ప మరి దేంట్లోనూ మంచి పేరు తెచ్చుకోనివాడు. మ్యూజియంలో పనిచేసే మన పిల్లలు అతనికి ‘కార్న్‌వాల్ తాత’ అని పేరు పెట్టారు. నాకూ అదే అలవాటైంది. అప్పటివరకూ ఆవిరి యంత్రాలు ఇల్లంత ఉండేవి, నీరసమైన ఆవిరితో నడిచేవి. ఆవిరిని గట్టిగా బిగబట్టి దాని బలంతోనే పిస్టన్‌ని తోయిస్తే యంత్రం చిన్నదవుతుంది, బండి మీదికి ఎక్కుతుంది అన్నాడు తాత. పేరున్న పెద్దలు అది ప్రాణాంతకం అన్నారు. అలాంటి యంత్రం చేసినందుకు తనను ఉరితీయాలన్నారని తాతే తర్వాతి రోజుల్లో రాసుకున్నాడు. వాదించి ఒప్పించడం అతనికి చేతకాలేదు. చేసి చూపించాడు.

నాకు చిన్నప్పటి నుంచీ వాదన ఇష్టం. తెనాలిలో మా వీధి గ్రంథాలయంలో ఆదివారం పూట చర్చలు జరిగేవి. ముహూర్తాలు, తాయెత్తులు, శకునాలు, కులం, అన్నీ అక్కడ బల్ల మీద పెట్టి కోసేవాళ్ళం. ఆ అలవాటు కెనడా వచ్చాక కూడా పోలేదు. మ్యూజియానికి వచ్చే బడిపిల్లలకు నేను తాత కథ చెప్పినప్పుడల్లా అది ఆవిరి కథగా మొదలై మూఢనమ్మకాల మీద ఉపన్యాసంగా తేలేది. ఇనుముకి భక్తి తెలియదు, భయం తెలియదు, దానికి తెలిసింది ప్రెషర్ ఒక్కటే అని బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. ఇప్పటికీ ఆ మాట తప్పని నేను అనుకోను.

ఆ ఏడు మన విద్యార్థులు వరదలా వచ్చారు. ఒషావా బస్సు ఎక్కితే వెనక సీట్లలో వరంగల్, ముందు సీట్లలో నరసరావుపేట. చాలామంది గిడ్డంగుల్లో, కాఫీ షాపుల్లో పార్ట్‌టైమ్ చేసేవాళ్ళు. శని, ఆదివారాలు మా షెడ్డుకి ఇద్దరు వచ్చేవాళ్ళు. ఒకడు హర్ష, నరసరావుపేట కుర్రాడు. టికెట్ల దగ్గర కూర్చునేవాడు, నోరు ఊరుకునేది కాదు. రెండో మనిషి మౌనిక. కాజీపేట అమ్మాయి, వాళ్ళ నాన్న రైల్వేలో ఫిట్టరు. ఇక్కడ కాలేజీలో పవర్ ఇంజనీరింగ్ చదువుతోంది. అంటే నా పనే. ఆ క్లాసులో ఆడపిల్ల తనొక్కతే.

మౌనిక నా దగ్గరికి వచ్చింది గంటల కోసం. ఈ వృత్తిలో పరీక్ష పాసైతే చాలదు. బాయిలర్ దగ్గర ఇన్ని గంటలు పనిచేసిందని ఒక చీఫ్ సంతకం పెట్టాలి. అప్పుడే సర్టిఫికేట్. ఊళ్ళో ఆసుపత్రులన్నీ తిరిగింది, స్టూడెంట్‌ని తీసుకునేవాళ్ళు దొరకలేదు. మా మ్యూజియం అక్టోబరు ఆఖరి ఆదివారంతో మూసేస్తాం, మళ్ళీ మేలో తెరుస్తాం. ఈ దేశంలో ఉండటానికి ఆమెకిచ్చిన స్టూడెంట్ పర్మిట్ ఏప్రిల్‌లో అయిపోతుంది. దగ్గర్లోని మార్కమ్‌ ఊళ్ళో ఒక పెద్ద భవనం బాయిలర్ రూములో ఆమెకు ఉద్యోగం ఇస్తామన్నారు, సర్టిఫికేట్ జనవరి ఆఖరులోపు చూపిస్తే. కాబట్టి అక్టోబరులో నా సంతకం ఎంత అవసరమో ఆ అమ్మాయికీ తెలుసు, నాకూ తెలుసు.

దసరా ముందు శనివారం నేను షెడ్డుకి వచ్చేసరికి నమూనా ఫ్లైవీల్‌కి పసుపు, కుంకుమ బొట్లు. చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. పీపా మీద జరీ అంచు ఎర్ర రవికగుడ్డ. పక్కన హర్ష కొబ్బరికాయ పట్టుకుని ఎక్కడ కొట్టాలా అని వెతుకుతున్నాడు.

“ఏమిటిది?”

“ఆయుధపూజ అంకుల్. మా ఆయుధం ఇదేగా.”

“ఇనుముకి బొట్టు పెడితే తుప్పు ఆగుతుందా?”

“ఆగదు. మీరు రోజూ నిమిరితే ఆగుతుందా మరి?”

“నేనెప్పుడు నిమిరాను?”

మౌనిక ఫ్లైవీల్ వెనక నుంచి తల బయటికి పెట్టింది. “నిమురుతరు సార్. పొద్దున రాంగనే దాని మీద చెయ్యేసి, ఒక్క నిమిషం నిలబడి, తర్వాతనే కోటు ఇప్పుతరు. నేను ఎన్నిసార్లో చూసిన.”

“అది బేరింగ్ చూడటం.”

“నడవని ఇంజనుకి బేరింగ్ ఏం చూస్తరు సార్?”

గంటసేపు వాదించుకున్నాం. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. కొబ్బరికాయ బయట రాయి మీద కొట్టాలి, చిప్పల్లో సగం నాకివ్వాలి. వాల్వ్‌లకీ, హ్యాండిల్స్‌కీ, లీవర్లకీ ఒక్క గుడ్డముక్క కూడా కట్టకూడదు. సేఫ్టీ వాల్వ్ అంటే ప్రెషర్ మితిమీరితే దానంతటదే తెరుచుకునే మూత. పూర్వం ఇంజను ఇంకొంచెం గట్టిగా లాగాలని ఆ మూతని కట్టేసి, బరువులు వేలాడదీసి చచ్చిపోయినవాళ్ళు ఎందరో. ఆ సంగతి వివరంగా చెప్పాను. మౌనిక శ్రద్ధగా విని, రవికగుడ్డ మడతపెట్టి తన బ్యాగులో వేసుకుంది.

తర్వాత కొబ్బరి తింటూ తాత గురించి మరో కథ చెప్పాను. 1801లో అతను రోడ్డు మీద నడిచే ఆవిరి బండి చేశాడు. కొండ మీదికి జనాన్ని ఎక్కించుకుని పోయింది. కొన్ని రోజులకి దారిలో చెడిపోతే ఒక పాకలోకి తోసి, తాతా స్నేహితులూ దిగులు తీర్చుకోవడానికి పక్కనే ఉన్న పూటకూళ్ళ ఇంట్లో బాతు వేపుడు తినడానికి వెళ్ళారు. మంట ఆర్పడం మరిచిపోయారు. నీళ్ళన్నీ మరిగి ఇగిరిపోయి, ఇనుము ఎర్రగా కాలి, బండీ పాకా బూడిదైపోయాయి.

“అంటే ఆయన గూడ మనలెక్కనే” అంది మౌనిక. “అంత పెద్ద ఇంజనీరు, మంట బంద్ చేసుడు మర్చిపోయిండు.”

“మేధావులు కూడా మరిచిపోతారు.”

“మరి మీరు మేధావుల కథలే చెప్తరు గాని, మర్చిపోయినోళ్ళ కథ ఎందుకు చెప్పరు సార్, బడిపిల్లలకి?”

అది నవ్వుతూ అన్న మాట. నేనూ నవ్వి వదిలేశాను.

దసరా వెళ్ళిన రెండో శనివారం. నమూనా సిలిండర్లో గ్లాండ్ దగ్గర ఆవిరి కారుతోంది. పిస్టన్ కడ్డీ సిలిండర్లోంచి బయటికి వచ్చే చోట ఆవిరి తప్పించుకోకుండా చుట్టూ తాడులాంటిది కూరుతారు. దాన్ని ప్యాకింగ్ అంటారు. అది అరిగింది, మార్చాలి. మధ్యాహ్నం మార్చుదాం అని ముందురోజే ఫోన్లో అనుకున్నాం. కానీ ఆ శనివారం మౌనికకి కాఫీ షాపులో మధ్యాహ్నం షిఫ్ట్ వేశారు. అందుకని పొద్దున్నే మొదలుపెడదామనుకుంది.

ఇలాంటి పనికి ఒక పద్ధతి ఉంది. లాకౌట్ అంటారు. ఆవిరి వచ్చే స్టాప్ వాల్వ్ మూసి, దాని చక్రానికి నీ తాళం వేసి, తాళానికి నీ పేరున్న చీటీ తగిలించాలి. నువ్వే వచ్చి తీస్తే తప్ప ఆ వాల్వ్‌ని మరొకరు తెరవకూడదు. మా మ్యూజియంలో ఆ తాళాలు నా అల్మరాలో ఉండేవి. అల్మరా తాళం చెవి నా జేబులో ఉండేది. ఆ పొద్దున నేను వాకిలి పక్కనున్న హాల్లో ముప్ఫైమంది బడిపిల్లలకు తాత కథ చెబుతున్నాను. మౌనిక తలుపు దగ్గర నిలబడి తాళం తిప్పుతున్నట్టు చేత్తో సైగ చేసింది. నేను మూఢనమ్మకాల దగ్గరికి వచ్చాను. మంచి ఊపు మీదున్నాను. తర్వాత అన్నట్టు చెయ్యి ఊపాను. కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

పిల్లలు వెళ్ళాక బాయిలర్ రూములోకి వచ్చాను. పదకొండింటికి ఇంకో బృందం వస్తుంది. వాళ్ళు వచ్చేసరికి గొట్టం వెచ్చబెట్టి ఉంచుదామనుకున్నాను. చల్లని గొట్టంలోకి ఒక్కసారి ఆవిరి వదిలితే గొట్టం దెబ్బతింటుంది. అందుకని వాల్వ్ కొద్దిగా తెరిచి ముందు వెచ్చబెడతాం.

స్టాప్ వాల్వ్ చక్రానికి ఎర్ర గుడ్డ కట్టి ఉంది. జరీ అంచు రవికగుడ్డ.

నా ఒళ్ళు మండింది. అంత చెప్పాక, చెవులు రిక్కించి విన్నాక, తీరా తెచ్చి వాల్వ్‌కే కట్టారు. ముడి చాలా గట్టిగా ఉంది. చక్రం ఆకులోంచి మూడు చుట్లు తిప్పి, వెనక్కి తీసి, గొట్టం బ్రాకెట్‌కి కలిపి వేసిన ముడి. విప్పడానికి నిమిషం పైనే పట్టింది. ఆ నిమిషమంతా హర్షకీ మౌనికకీ ఇవ్వబోయే ఉపన్యాసం మనసులో తయారు చేసుకుంటున్నాను. చదువుకున్న పిల్లలు, ఇంజనీరింగ్ పిల్లలు, అని మొదలవుతుంది అది. గుడ్డ జేబులో కుక్కుకుని వాల్వ్‌ని పావు చుట్టు తెరిచాను.

గోడకి అవతల నుంచి బుస్సుమని ఆవిరి చప్పుడు. ఇనుప పాన ఒకటి సిమెంటు నేల మీద పడిన చప్పుడు. వాల్వ్ మూసేశాను. ఎలా మూశానో గుర్తులేదు. తలుపు దాటి అవతలికి వెళ్ళేసరికి ఆవిరి పొగలో మౌనిక గోడకి ఆనుకుని నిలబడి ఉంది. కుడి మోచేతిని ఎడమ చేత్తో పట్టుకుంది.

“వాల్వ్ మీరు ఓపెన్ చేసిన్రా సార్?”

“ఎవరు చెప్పారు నిన్ను ఇప్పుడు మొదలుపెట్టమని?” సిగ్గుపడుతూ రాస్తున్నాను, నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే.

“గుడ్డ కట్టిన కద.”

“గుడ్డ...”

“ఎర్ర గుడ్డ. చక్రానికి. మా నాన్న గట్లనే కడతడు. మనిషి లోపల ఉన్నడు, ముట్టొద్దు అని. తాళం కోసం మీ దగ్గరికి వచ్చిన, మీరు తర్వాత అన్నరు. అందుకని అది కట్టిన.”

“వాల్వ్‌లకి గుడ్డలు కట్టొద్దని...”

“పూజ గుడ్డలు వద్దన్నరు సార్. ఇది పని గుడ్డ.”

కుళాయి కింద ఆమె చెయ్యి పెట్టించాను. ఇరవై నిమిషాలు చన్నీళ్ళు పోశాం. మోచేతి దగ్గర అరచేతంత మేర కందింది. బొబ్బ రాలేదు. గ్లాండ్ నట్లు విప్పుతున్న చేతుల మీదికి ఆ ఆవిరి రావలసింది. రాకపోవడానికి కారణం ఆమె. పని మొదలుపెట్టే ముందు డ్రెయిన్ కాక్ తెరిచింది. గొట్టంలో మిగిలిన నీళ్ళూ ఆవిరీ నేల వైపు పోవడానికి అడుగున ఉండే చిన్న కుళాయి అది. పైగా గ్లాండ్‌కి ఎదురుగా నిలబడకుండా పక్కకి నిలబడింది. నేను వదిలిన ఆవిరి చాలావరకు ఆ కుళాయిలోంచే పోయింది.

“వాల్వ్ మూసి, గుడ్డ కట్టాక, ఇంకా డ్రెయిన్ తెరిచి ఎందుకు పెట్టావు?” అని అడిగాను నీళ్ళు పోస్తూ.

“ఒక్క దాన్ని నమ్మొద్దు అంటడు మా నాన్న. మీరు గూడ చెప్పిన్రు కద సార్. గ్రీనిచ్ల పేలినంక తాత ఏం చేసిండని.”

చెప్పాను. చాలాసార్లు చెప్పాను. 1803లో గ్రీనిచ్ దగ్గర తాత ఇంజను ఒకటి పేలి నలుగురు చనిపోయారు. దాన్ని చూసుకోవలసిన కుర్రవాడు పక్కకి వెళ్ళాడు. వేరే అతనెవరో వచ్చి, సేఫ్టీ వాల్వ్ సంగతి చూడకుండా ఇంజను ఆపేశాడు. ఆవిరికి దారి లేకపోయింది. బలమైన ఆవిరి వద్దన్న పెద్దలకు పండగైంది. తాత తప్పు ఆ కుర్రవాడి మీదికి తోసేసి ఊరుకోవచ్చు. అలా చెయ్యలేదు. ఆ తర్వాత తన బాయిలర్లకి ఒకటికి రెండు సేఫ్టీ వాల్వ్‌లు పెట్టాడు, ఒకటి నడిపేవాడి చేతికి అందనిది. అడుగున సీసం బిరడా పెట్టాడు. నీళ్ళు తగ్గితే అది కరిగి, ఆవిరి మంట మీద పడి ఆర్పేస్తుంది. మనిషి మరిచిపోతాడు, తొందరపడతాడు, పొరబడతాడు అని లెక్కలోకి తీసుకుని యంత్రాన్ని మార్చాడు. ఇదంతా నేనే చెప్పాను. విన్నది ఆ అమ్మాయి.

మ్యూజియం మేనేజరు డేవ్ వచ్చాడు. పాత రైల్వే డ్రైవరు, నాకు స్నేహితుడు, నమూనా కోసం నాతో నాలుగేళ్ళు పనిచేసినవాడు. ఎవరికి దెబ్బ తగిలినా రిపోర్టు రాయాలి. ఆ సాయంత్రమే రాసి నాకు చూపించాడు. కారణం అన్నచోట ఇలా ఉంది: ట్రెయినీ ఆమోదం లేని గుర్తు వాడింది, చెప్పిన సమయానికి ముందే పని మొదలుపెట్టింది.

“రెండూ నిజమే” అన్నాడు డేవ్.

నిజమే. రెండూ నిజాలే. ఆ రెండు నిజాలతో ఒక పెద్ద అబద్ధం తయారైంది.

“ఈ రిపోర్టు వెళితే ఆ అమ్మాయి గంటలు?”

“ఈ సీజన్‌వి ఆపాల్సి వస్తుంది. వచ్చే మేలో మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు.”

“మే నాటికి ఆమె ఈ దేశంలో ఉండదు.”

“చూడు, నీ వయసు ఫైల్లో ఉంది. ఇన్సూరెన్సు వాళ్ళకి చీఫ్ స్వయంగా మనిషి పని చేస్తున్న గొట్టంలోకి ఆవిరి వదిలాడని రాస్తే, నిన్ను మళ్ళీ వాల్వ్ ముట్టుకోనివ్వరు. ఆఖరి ఆదివారం ఇంజను నువ్వు నడపాలని ఊరంతా ఎదురుచూస్తోంది. రేపు రాత్రి దాకా ఆలోచించుకో.”

అతను నా మంచి కోరే అన్నాడు. ఆలోచించుకోవడానికి ఏమీ లేదని అప్పుడే చెప్పి ఉంటే నా గురించి నేను గొప్పగా రాసుకోగలిగేవాణ్ణి. కానీ కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకున్నాను. ఆ రాత్రీ, మర్నాడు పొద్దునంతా నా తరఫున నేనే వాదించుకున్నాను. గుడ్డ కట్టొద్దని చెప్పాను కదా. మధ్యాహ్నం అనుకున్నాం కదా. వాదనలో నాకు తర్ఫీదు బాగా ఉంది. ఏ పక్షం ఇచ్చినా గెలిపించగలను.

ఆదివారం మధ్యాహ్నం టికెట్ల దగ్గర హర్ష ఒక్కడే ఉన్నాడు. మౌనిక కాఫీ షాపుకి వెళ్ళిందా అని అడిగాను. వెళ్ళిందన్నాడు. కట్టు కట్టుకునే వెళ్ళిందన్నాడు.

“నా మీద కోపంగా ఉందా?”

“లేదంకుల్. గంటలు పోతాయేమో అని భయపడుతోంది. మిమ్మల్ని అడగటానికి మొహమాటం. ముసలాయన బాధపడతాడు, అడగకు అంది నాతో.”

“నువ్వేమంటావు?”

వాడు టికెట్ల కట్ట సర్ది పక్కన పెట్టాడు.

“అంకుల్, ఏమీ అనుకోకండి. మీరు ఆ గుడ్డలో దేవుడు లేడని నిరూపించడానికి వెళ్ళారు. దాని వెనక మనిషి ఉందో లేదో చూడలేదు.”

నన్ను నలభై ఏళ్ళలో చాలామంది వాదనలో ఎదిరించారు. శాస్త్రాలు చదివినవాళ్ళు, పీఠాలెక్కినవాళ్ళు. ఇంత పొట్టి మాటతో నన్ను కూర్చోబెట్టినవాళ్ళు లేరు. అక్కడే డేవ్ కాగితం తీసి వెనక్కి తిప్పి నా వాంగ్మూలం రాశాను. తాళం అడిగితే ఇవ్వలేదని, గుర్తు కనిపించినా అడగకుండా విప్పానని, వాల్వ్ తెరిచింది నేనని, డ్రెయిన్ తెరిచి ఉంచి ప్రమాదం తప్పించింది ట్రెయినీ అని.

బుధవారం ఆ వాంగ్మూలంతో మ్యూజియం కమిటీ ముగ్గురు సభ్యుల ముందు కూర్చున్నాను. డేవ్, ఒక లాయరు, ఊళ్ళో కార్ల ఫ్యాక్టరీలో సేఫ్టీ చూసి రిటైరైన ఒక పెద్దావిడ. మౌనిక నా పక్కన కూర్చుంది. నేను చదివాను. పెద్దావిడ కళ్ళద్దాలు సరిచేసుకుని అడిగింది.

“నాకొకటి అర్థం కాలేదు. వాల్వ్‌కి ఎర్ర గుడ్డ ముడేసి కట్టి ఉంది. దాన్ని చూసి ప్రమాదం అనుకోక ఇంకేమనుకున్నారు?”

ఆ గదిలో ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం నా జీవితంలో నేను చేసిన అతి కష్టమైన ఉపన్యాసం. మా దేశంలో గుడ్డ కట్టి మొక్కుకుంటారని, నేను జీవితమంతా అలాంటి వాటితో పోట్లాడానని, జరీ అంచు కనపడగానే ఇంకేమీ కనపడలేదని చెప్పాను. ఆవిరి గురించి ఏమీ తెలియని ఒషావా మనిషి ఎవరైనా ఆ గుడ్డ చూస్తే ఆగి ఉండేవాడు. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్న నేను ఆగలేదు. తెలియక కాదు. నాకు తెలుసన్న నమ్మకంతో.

లాయరు మౌనికని అడిగాడు, చెప్పేదేమైనా ఉందా అని. ఆ అమ్మాయి ఇంగ్లీషులో నెమ్మదిగా, నేల వైపు చూస్తూ చెప్పింది. తాళం లేకుండా మొదలుపెట్టడం తన తప్పని, ఆగి ఉండాల్సిందని, అది కూడా రాయమని. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో అంది, “మీరొక్కరే మొత్తం మీదేసుకుంటే ఎట్ల సార్? నాకు గూడ కొంచెం ఇయ్యండి.”

పెద్దావిడ ఏమందని అడిగింది. నేను అనువదించాను. ఆవిడ చాలాసేపు కాగితం మీద ఏదో రాసుకుంది.

తీర్పు ఇది. తాళాలు అల్మరాలో కాదు, ప్రతి వాల్వ్ పక్కనే గోడకి వేలాడాలి. మౌనిక గంటలు చెల్లుతాయి, సంతకం నేనే పెట్టాలి. ఆ సీజన్‌కి నేను వాల్వ్ ముట్టకూడదు. చలికాలంలో లాకౌట్ శిక్షణ మళ్ళీ తీసుకుంటేనే వచ్చే ఏడు లోపలికి.

ఆఖరి ఆదివారం నేను జనాన్ని ఆపే తాడుకి ఇవతల, జనంలో నిలబడ్డాను. డేవ్ ఇంజనుకి ఆవిరి వదిలే రెగ్యులేటర్ పట్టుకున్నాడు. బాయిలర్ దగ్గర మౌనిక. పెద్ద ఫ్లైవీల్ ఒకసారి తటపటాయించి, తర్వాత తనకే గుర్తొచ్చినట్టు తిరగడం మొదలుపెట్టింది. నాలుగేళ్ళు దాన్ని లోపలి నుంచే చూశాను. బయటి నుంచి అది అంత అందంగా ఉంటుందని తెలియదు. పక్కన ఎవరో చిన్నపిల్ల వాళ్ళ అమ్మని అడుగుతోంది, అది ఎందుకు ముందుకి పోవడం లేదని. నేను నోరు విప్పబోయి ఊరుకున్నాను. వాళ్ళమ్మ చక్కగా చెప్పింది.

జనవరిలో మౌనికకి సర్టిఫికేట్ వచ్చింది, మార్కమ్ ఉద్యోగం వచ్చింది. నేను ఇప్పటికీ హేతువాదినే. తాయెత్తు తాయెత్తే, శకునం శకునమే, వాటి మీద నా అభిప్రాయం అంగుళం కూడా జరగలేదు. జరిగింది వేరొకటి. ఎదుటివాడి మూఢత్వాన్ని పసిగట్టడంలో నాకు గొప్ప నేర్పు ఉందని అనుకునేవాణ్ణి. ఆ నేర్పే నన్ను చూడనివ్వలేదు. రుజువు అడగడం నా మతం అని గర్వంగా చెప్పుకున్నవాణ్ణి, పది అడుగుల దూరంలో ఉన్న మనిషిని ఒక్క ప్రశ్న అడగలేకపోయాను.

ఫిబ్రవరిలో శిక్షణ పెట్టారు. వాలంటీర్లం తొమ్మిదిమందిమి భోజనాల గదిలో బెంచీల మీద కూర్చున్నాం. బయట మోకాళ్ళ లోతు మంచు. నేర్పడానికి డేవ్ మార్కమ్ నుంచి మౌనికని పిలిపించాడు. పాత వాల్వ్ ఒకటి బల్ల మీద పెట్టుకుని, అందరికీ ఇంగ్లీషులో చెప్పి, ఒక్కొక్కరినీ పిలిచి అడుగుతోంది. నా వంతు వచ్చేసరికి తెలుగులోకి దిగింది.

“సార్, వాల్వ్ మీద గుర్తు కనవడ్డది. ముందుగాల ఏం చేస్తరు?”

“ఆగుతాను.”

“తర్వాత?”

“కట్టినవాళ్ళని అడుగుతాను.”

“గుర్తు తప్పుగ కట్టిన్రు. తాళం గాదు, చీటీ లేదు. మీకు మస్తు కోపమొచ్చింది. అప్పుడు?”

“అప్పుడూ అడుగుతాను.”

“మనిషి కనవడలే.”

“కనపడేదాకా ఆగుతాను.”

“పిల్లల బ్యాచ్ వచ్చేసింది, అందరు మీ లెక్చర్ కోసం చూస్తున్నరు.”

“చూడనీ.”

ఆమె నా పేరు పక్కన టిక్కు పెట్టింది. ఆ జవాబుల్లో నాకు కొత్తది ఒక్కటీ లేదు, అన్నీ ముప్ఫై ఏళ్ళుగా ఇతరులకి నేర్పినవే. తెలిసి ఉండటం ఒక పని, చెయ్యి చాచేముందు ఆగడం ఇంకో పని. రెండోది నేను అరవై ఆరో ఏట, నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల దగ్గర నేర్చుకున్నాను.